మిల్లు చిమ్నీ పొగతో 150 కిలోవాట్ల కరెంటు వస్తుందట, నమ్మమంటారా?

ఊక_బస్తా (మిర్యాలగూడ) · సోమవారం, రాత్రి 9:12

మాది ఉప్పుడు బియ్యం మిల్లు. నాన్న పెట్టినది, నేను నడుపుతున్నాను. బాయిలర్ గంటకు 6 టన్నుల ఆవిరిది, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 10.5 కిలోలు, కాల్చేది మా ఊకే. పూర్తి లోడు మీద గంటకు 17 క్వింటాళ్ల దాకా మింగుతుంది.

పోయిన గురువారం ఒక అబ్బాయి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్, కాళ్లకు తెల్ల బూట్లు. ఊక దుమ్ములో ఆ బూట్లను చూసి నాకే జాలి వేసింది. చిమ్నీ వైపు చూపించి, "సార్, మీరు రోజూ నోట్ల కట్టలు గాలిలోకి వదులుతున్నారు" అన్నాడు. పొగ 230 డిగ్రీల వేడితో పోతున్నదట. దానికి ఒక యంత్రం తగిలిస్తే 150 కిలోవాట్ల కరెంటు, ఇరవై ఏళ్ల పాటు, ఇంధనం ఖర్చు లేకుండా వస్తుందట. పైగా కాలుష్య వాయువు తగ్గించినందుకు వచ్చే కార్బన్ క్రెడిట్లు కూడా అమ్ముకోవచ్చట. ధర రెండు కోట్ల చిల్లర. హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఎప్పటినుంచో ఈ పని చేస్తున్నాయనీ, నేనే వెనకబడ్డాననీ చివర ఒక చురక.

సిమెంటు వాళ్లు తీస్తున్న మాట నిజమేనని మా బావమరిది కూడా అన్నాడు. మరి వాళ్లకు వచ్చేది నాకు రాదా? రెండు కోట్లంటే బ్యాంకు గడప తొక్కాల్సిందే. తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టినా పర్వాలేదు, సంతకం పెట్టకముందే తిట్టండి.

పాత_గోనె (సూర్యాపేట) · సోమవారం, రాత్రి 9:30

ఆ డబ్బుతో రేకుల మీద సోలార్ పలకలు పరుచుకో అన్నా. చిమ్నీ జోలికి ఎందుకు?

ఊక_బస్తా · సోమవారం, రాత్రి 9:41

పలకలు ఉన్నాయి తమ్ముడూ. వాటి మీద ఊక దుమ్మూ ఉంది. వారానికొకసారి మనిషి పైకెక్కి కడగాలి. అది వేరే కథ.

కిల్న్_కాపలా (హుజూర్‌నగర్) · సోమవారం, రాత్రి 11:05

ఇరవై ఏడేళ్లు సిమెంటు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్లు ఈ వృథా వేడి పవర్ ప్లాంటులోనే. నిద్ర ఎలాగూ రాదు కనుక కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఆ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం. సిమెంటు వాళ్లు తీస్తున్నారు. దేశంలో ఈ పని మొట్టమొదట చేసిన సిమెంటు ఫ్యాక్టరీల్లో ఒకటి మీ పక్కనే ఉంది. దామరచర్ల మండలం విష్ణుపురంలో ఇండియా సిమెంట్స్ ప్లాంటుకు జపాన్ సంస్థ నెడో సాయంతో 2004లో 7.7 మెగావాట్లది పెట్టారు. అప్పట్లో మేమందరం వెళ్లి చూసి వచ్చాం. పొగతో టర్బైన్ తిరగడమేమిటని మా ఫోర్‌మన్ ఒకాయన నవ్వాడు. తర్వాత మా ఫ్యాక్టరీలోనూ అదే వచ్చింది, ఆయనే దానికి ఇన్‌చార్జి అయ్యాడు.

సిమెంటులో వేడి ఎక్కడినుంచి మిగులుతుందో చెబుతాను. మేళ్లచెరువు, మఠంపల్లి దారిలో పోతుంటే దూరానికి కనిపించే ఎత్తయిన టవరు ఉంటుంది చూడండి, దాన్ని ప్రీహీటర్ అంటారు. సున్నపురాయి పొడిని దాని పైనుంచి వదులుతారు. కిందినుంచి వేడి గ్యాసు పైకి ఎగదన్నుతుంది. పొడి అంతస్తు అంతస్తుకూ దిగుతూ వేడెక్కి, 900 డిగ్రీల దగ్గర తనలోని బొగ్గుపులుసు వాయువును వదిలేసి, గిర్రున తిరిగే కిల్న్ గొట్టంలోకి జారుతుంది. అక్కడ 1450 డిగ్రీల వద్ద క్లింకర్ అవుతుంది, దాన్ని నూరితేనే సిమెంటు. ఆ ఎర్రటి ఉండలు కూలర్ మీద పడతాయి, కింద నుంచి ఫ్యాన్లు గాలి కొడతాయి. ఇంత చేసినా టవరు పైనుంచి గ్యాసు 300, 350 డిగ్రీలతో బయటికి వస్తుంది. కూలర్ నుంచి మిగులు గాలి దాదాపు అంతే వేడితో వస్తుంది. ఈ రెండు చోట్లా ఒక్కో బాయిలర్ పెడతారు. నిప్పు ఉండదు, పొయ్యి ఉండదు, గ్యాసు దారిలో గొట్టాల కట్టలు అడ్డుపెట్టడమే. రోజుకు 5,000 టన్నుల క్లింకర్ తీసే కిల్న్ నుంచి ఇంచుమించు 6 మెగావాట్లు వస్తాయి. ఫ్యాక్టరీ వాడకంలో అది నాలుగో వంతు.

ఇక అసలు కష్టం దుమ్ముతో. టవరు గ్యాసులో ఘనమీటరుకు 60 నుంచి 100 గ్రాముల పొడి ఉంటుంది. అది గొట్టాల మీద దుప్పటిలా కప్పుకుంటుంది. అందుకని బాయిలర్ పక్కనే సుత్తులు ఉంటాయి, వంతుల వారీగా గొట్టాలను టంగుమని కొడుతూనే ఉంటాయి. నా తొమ్మిదేళ్ల రాత్రి డ్యూటీలో నాకు జోలపాట అదే. సుత్తి ఆగిందంటే మెలకువ వచ్చేది. కూలర్ వైపు దుమ్ము ఇంకొక రకం, గరుకు కాగితంలా గొట్టాలను అరగదీస్తుంది. అక్కడ ముందుగా ఒక పెద్ద గది కట్టి దుమ్మును కిందికి దించాలి.

ఒక ముచ్చట. ఒక ఏడాది మా ఉత్పత్తి నెలనెలా తగ్గుతూ వచ్చింది. టర్బైన్‌ను అనుమానించాం. టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్ గొట్టాలు తోమాం. బాయిలర్ నీళ్లు మార్చాం. బయటినుంచి నిపుణులు వచ్చి, భోజనాలు చేసి, వెళ్లిపోయారు. చివరికి చూస్తే టవరు మీద ఒక తనిఖీ తలుపు అంచున సందు మూసే తాడు కాలిపోయి, ఆ సందులోనుంచి చల్లటి గాలి లోపలికి చొరబడుతున్నది. 340 డిగ్రీలు రావాల్సిన గ్యాసు 305కు దిగిపోయింది. గ్యాసు పరిమాణం మాత్రం పెరిగింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆ సందు మూసిన రోజు షిఫ్టు ముగిసేలోగా అర మెగావాటు తిరిగి వచ్చింది.

మీ మిల్లు సంగతి రేపు ఆలోచిస్తాను. 230 డిగ్రీలు మాత్రం నాకు నచ్చలేదు. చెడ్డ వేడి అని కాదు. ఆరు టన్నుల ఊక బాయిలర్‌కు అది ఎక్కువ. ఎందుకు ఎక్కువ ఉన్నదో ముందు అడగాలి.

ఉష్ణగతికం (నల్లగొండ) · మంగళవారం, ఉదయం 6:48

కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ ప్రశ్నను ఈ రోజు మా రెండో సంవత్సరం పిల్లలకు లెక్కగా ఇవ్వబోతున్నాను, ఊక_బస్తా గారు క్షమించాలి.

కిలో ఊక కాలితే, అవసరానికి మించి ఊదే గాలితో కలిపి, సుమారు 8 కిలోల పొగ వస్తుందనుకుందాం. గంటకు 1,700 కిలోల ఊక అంటే సెకనుకు 3.8 కిలోల పొగ. దాన్ని 230 నుంచి 140 డిగ్రీల వరకు చల్లార్చవచ్చు. అంతకంటే కిందికి తెస్తే గొట్టంలో చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది. ఈ 90 డిగ్రీల తేడాలో దొరికే వేడి సుమారు 360 కిలోవాట్లు. గుర్తుంచుకోండి, ఇది వేడి. కరెంటు కాదు.

వేడిలో ఎంత భాగం పనిగా మారుతుందో తేల్చేది వేడి మొత్తం కాదు, దాని ఉష్ణోగ్రత. ఈ సంగతి ఫ్రెంచ్ ఇంజినీరు కార్నో 1824లోనే చెప్పాడు. మీ పొగ సగటు ఉష్ణోగ్రత 185 డిగ్రీలు, అంటే 458 కెల్విన్లు. చల్లార్చే వైపు మన ఎండలకు 45 డిగ్రీలు, అంటే 318 కెల్విన్లు. ఒకదానిలో మరొకటి తీసేసి 458తో భాగించండి. వందకు 30. ఏ ఘర్షణా ఏ నష్టమూ లేని దేవతా యంత్రానికి కూడా 110 కిలోవాట్లే వస్తాయి. మనుషులు చేసిన చిన్న యంత్రానికి, ఇంత తక్కువ వేడి మీద, పదో వంతు దక్కితే గొప్ప. 36 కిలోవాట్లు. అందులో దాని పంపులు, ఫ్యాన్లు తినేవి తీసేయాలి.

150 కిలోవాట్లు ప్రకృతే ఒప్పుకోని లెక్క. ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడని అనను. ట్యాబ్‌లో ఎవరో నింపి ఇచ్చిన అంకె అది.

ఊక_బస్తా · మంగళవారం, ఉదయం 7:20

సార్, 36కు రెండు కోట్లా? టీ గొంతు దిగలేదు.

మరి సిమెంటు వాళ్లకు ఎలా గిట్టుబాటు అవుతున్నది? వాళ్ల పొగ కూడా 300 చిల్లరే కదా. నాకంటే వంద డిగ్రీలే ఎక్కువ.

ఉష్ణగతికం · మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఆ వంద డిగ్రీలే అసలు సంగతి. వేడి ఎక్కువైతే నీటి ఆవిరితోనే మామూలు టర్బైన్ నడపవచ్చు, వందకు 20 దాకా కరెంటుగా మారుతుంది. మీ స్థాయి వేడికి నీరు పనికిరాదు. పెంటేన్ లాంటి, తక్కువ వేడికే మరిగే ద్రవాలను వాడాలి. దాన్ని సేంద్రియ రాంకిన్ చక్రం అంటారు. అదీ మన దగ్గర లేనిది కాదు, తాడిపత్రిలో ఒక సిమెంటు ప్లాంటుకు 4 మెగావాట్లది ఎప్పుడో పెట్టారు. కాకపోతే పెంటేన్ మండే ద్రవం. ఊక నిప్పురవ్వల పక్కన దాన్ని పెట్టుకుంటారా, అది మీ ఇష్టం.

రెండోది, పరిమాణం. టర్బైన్ చిన్నదయ్యే కొద్దీ కిలోవాటుకు పడే ఖర్చు పెరుగుతుంది. మూడోది, గంటలు. కిల్న్ ఏడాదికి 300 రోజులు పగలూ రాత్రీ కాలుతుంది. మీ మిల్లు ఏడాదికి ఎన్ని రోజులు నడుస్తుంది?

ఊక_బస్తా · మంగళవారం, మధ్యాహ్నం 1:32

ఎక్కువ చెబితే అబద్ధం అవుతుంది. ధాన్యం ఉన్నప్పుడు రాత్రింబగళ్లు. లేనప్పుడు బాయిలర్ మీద పిల్లి పడుకుంటుంది.

ఇనుప_కొలిమి (షాద్‌నగర్) · మంగళవారం, సాయంత్రం 6:50

మాది ఇనుము కరిగించే ఫ్యాక్టరీ, కరెంటు కాయిల్‌తో వేడెక్కే ఇండక్షన్ కొలిమి. కరిగిన ఇనుము 1,600 డిగ్రీల దాకా పోతుంది. ఇంత వేడి ఉన్నది కదా అని మా యజమాని దగ్గరికి కూడా ఇలాంటి వారే వచ్చారు. నవ్వొచ్చింది. ఇనుము ఎంత మండినా మాకు బయటికి వచ్చే వేడిలో ఎక్కువ భాగం కాయిల్ చుట్టూ తిరిగే నీళ్లలో ఉంటుంది. ఆ నీళ్లు 50 డిగ్రీలు. వాటితో స్నానం చేయవచ్చు, టర్బైన్ తిప్పలేం.

అదే ఖనిజాన్ని కరిగించకుండా బొగ్గుతో ఇనుముగా మార్చే స్పాంజ్ ఐరన్ వాళ్ల సంగతి వేరు. వాళ్ల కిల్న్ నుంచి గ్యాసు 900 డిగ్రీలకు పైనే వస్తుంది, అందులో ఇంకా కాలని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది, దాన్ని పక్క గదిలో కాల్చి బాయిలర్‌కు పంపుతారు. రోజుకు 100 టన్నుల కిల్న్ ఒకటి ఉంటే 2 మెగావాట్లు తీస్తారు. 5,000 టన్నుల సిమెంటు కిల్న్‌కు 6 మెగావాట్లంటున్నారు, 100 టన్నుల ఇనుప కిల్న్‌కు 2. వేడి నాణ్యత అంటే అదీ.

కృష్ణ_ఒడ్డు (మఠంపల్లి మండలం) · మంగళవారం, రాత్రి 8:22

అందరూ పెద్ద చదువులవాళ్లే కనిపిస్తున్నారు. నేను రైతును. పది కిలోమీటర్ల లోపు ఎన్ని చిమ్నీలున్నాయో లెక్కపెట్టడం మానేశాను. మిరప ఆరబోస్తే పైన తెల్లటి పూత.

నా ప్రశ్న ఒక్కటే. ఆవిరి టర్బైన్ అంటే చల్లార్చడానికి నీళ్లు కావాలి కదా. పక్కనుంచే కృష్ణ పోతున్నా మా ఊరికి చివరి మడి తడవదు. "కాలుష్యం తగ్గించే పవర్ ప్లాంటు" అని గేటు మీద బోర్డు రాసుకున్నారు. అది ఎన్ని నీళ్లు తాగుతుందో బోర్డు మీద రాయరేం?

ఉష్ణగతికం · మంగళవారం, రాత్రి 9:40

న్యాయమైన ప్రశ్న. 6 మెగావాట్ల టర్బైన్, వందకు 20 వంతుల సామర్థ్యం అనుకుంటే, మిగిలిన 24 మెగావాట్ల వేడిని ఎక్కడో వదలాలి. కూలింగ్ టవరులో నీటిని ఆవిరి చేసి వదిలితే, కిలో నీరు ఆవిరి కావడానికి 2,400 కిలోజౌళ్లు పడతాయి కనుక, సెకనుకు 10 లీటర్లు. రోజుకు 8 లక్షల 64 వేల లీటర్లు. కొంత వేడి నేరుగా గాలికి పోతుంది కాబట్టి అసలు ఆవిరి ఇంతకంటే కొంచెం తక్కువే ఉంటుంది. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. పోల్చుకోవడం మీకు వదిలేస్తున్నాను.

కిల్న్_కాపలా · మంగళవారం, రాత్రి 10:30

రైతు సోదరునికి. నీళ్లు లేకుండానూ చేయవచ్చు. మా దగ్గర గాలితో చల్లార్చే కండెన్సరే. కారు రేడియేటర్ లాంటిదే, కాకపోతే ఇల్లంత ఎత్తు. పెద్ద పెద్ద ఫ్యాన్లు కింద నుంచి ఊదుతాయి. నీళ్లు బాయిలర్‌లోకి పోసే కొద్దిపాటివే. కానీ దానికీ ఒక మూల్యం ఉంది. ఖర్చు ఎక్కువ, ఫ్యాన్లకు కరెంటు కావాలి. పైగా మే నెలలో బయట 45 డిగ్రీలు కాస్తుంటే టర్బైన్ వెనక ఉండాల్సిన వాక్యూమ్ నిలవదు. 6 ఇచ్చేది 5కు దిగి కూర్చుంటుంది. సంక్రాంతి చలికి మళ్లీ లేస్తుంది. మేం టర్బైన్ మీటరు చూసి బయట వాతావరణం చెప్పేవాళ్లం.

వానాకాలంలో ఇంకొక చిక్కు. టవరు గ్యాసు మొత్తాన్ని బాయిలర్‌కు ఇవ్వరు. ముడిరాయి నూరే మిల్లులో రాయిని ఆరబెట్టేదీ ఆ గ్యాసే. వర్షానికి రాయి తడిస్తే మిల్లు వాళ్లు ఫోను చేసి "వేడి చాలడం లేదు, డంపర్ తెరవండి" అంటారు. డంపర్ అంటే గ్యాసు దారిలోని తలుపు. తెరిస్తే మా మెగావాట్లు పోతాయి. తెరవకపోతే వాళ్ల పొడి ముద్ద కడుతుంది. ఆ ఫోన్లలో మేం అనుకున్న మాటలు ఇక్కడ రాయలేను. మన వైపు వానలు తక్కువ, రాయి పొడిగా ఉంటుంది. బాగా తడిసే ప్రాంతాలతో పోలిస్తే ఈ విషయంలో మన జిల్లా అదృష్టవంతురాలు. కరువుకు ఒక లాభం చెప్పమంటే నేను ఇదొక్కటే చెప్పగలను.

కృష్ణ_ఒడ్డు · మంగళవారం, రాత్రి 10:41

అన్నా, కరువుకు లాభం చెప్పిన మొదటి మనిషివి నువ్వే.

లెక్క_తేలాలి (హైదరాబాద్, సొంతూరు మహబూబ్‌నగర్) · బుధవారం, ఉదయం 10:05

నేను ఎనర్జీ ఆడిటర్‌ను. ఆలస్యంగా చూశాను. కార్బన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక అది చెబుతాను.

మన గ్రిడ్ నుంచి ఒక యూనిట్ వాడితే సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఎక్కడో ఒక థర్మల్ ప్లాంటులో వెలువడినట్టు లెక్క. వృథా వేడి కరెంటు అంత మేరకు దాన్ని ఆపుతుంది. టన్ను క్లింకర్‌కు 28 యూనిట్లు వస్తాయనుకుంటే 20 కిలోలు ఆగినట్టు. ఇప్పుడు రెండో వైపు చూడండి. అదే టన్ను క్లింకర్ తయారీలో సున్నపురాయి నుంచే 525 కిలోల వాయువు వస్తుంది. అది పొగ కాదు, ఇంధనం కాదు, రాయి లోపలిది. ఇంధనం కూడా కలిపితే 830 కిలోల దాకా. అంటే 830లో 20. వందకు రెండున్నర వంతులు కూడా లేదు. గేటు మీద బోర్డు పెట్టుకోవడానికి చాలు, ఊపిరి పీల్చుకోవడానికి చాలదు.

అలాగని తీసిపారేయను. 5,000 టన్నుల కిల్న్ మీద ఏడాదికి దాదాపు 29 వేల టన్నులు. ఊరికే గాలిలో కలిసే వేడితో వచ్చిన తగ్గింపు అది. కానీ అదే ఫ్యాక్టరీ సిమెంటులో క్లింకర్‌కు బదులు వందకు 30 వంతులు ఫ్లైయాష్, అంటే బొగ్గు ప్లాంట్ల బూడిద, కలిపితే టన్ను సిమెంటుకు 250 కిలోలు ఆగుతాయి. ఇలా బూడిద కలిపే పొజొలానా సిమెంటులో వందకు 35 వంతుల దాకా కలపడానికి మన ప్రమాణాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి. దామరచర్ల వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు ఉంది, బూడిదకు కొదవ లేదు. సిమెంటు కంపెనీలవాళ్లు టర్బైన్ ఫొటోలు వేసుకుంటారు, బూడిద ఫొటో ఎవరూ వేసుకోరు.

ఊక_బస్తా గారూ, మీ కార్బన్ క్రెడిట్ల మాట. 36 కిలోవాట్లు ఏడాదికి 4,000 గంటలు నడిచినా 1.44 లక్షల యూనిట్లు, అంటే 100 టన్నులు. దాన్ని నమోదు చేయించి, కొలిపించి, ఏటా తనిఖీ చేయించే ఖర్చు ముందు ఆ క్రెడిట్ల డబ్బు నిలవదు. 2012లో మొదలైన ఇంధన పొదుపు పథకం పాట్ గానీ 2023లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం గానీ ప్రధానంగా సిమెంటు లాంటి పెద్ద పరిశ్రమల కోసం. ఆ పేరు చెప్పి మిల్లు వాళ్ల దగ్గర సంతకాలు తీసుకోవడం నేను ఇప్పటికి మూడు చోట్ల చూశాను.

ఇంకొక సంగతి. మీరు కాల్చేది ఊక. అది పంటతో పెరిగినదే. ఊక ఆదా అయినంత మాత్రాన శిలాజ ఇంధనం తగ్గినట్టు కాదు. మిగిలిన ఊకను అమ్మితే, కొన్నవారు బొగ్గు మానేసి దాన్ని కాలిస్తే, అప్పుడు తగ్గినట్టు.

బూడిద_లారీ (దామరచర్ల) · బుధవారం, ఉదయం 11:20

ఆ బూడిద లారీలు మా ఇంటి ముందు నుంచే పోతాయి మేడమ్. పరదా కట్టకుండా. ఒకసారి వచ్చి చూడండి, ఫొటో వేద్దాం.

నిర్వాహకుడు · బుధవారం, మధ్యాహ్నం 12:00

యాదాద్రి ప్లాంటు, బూడిద రవాణా మీద వచ్చిన 14 వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ మిల్లు చిమ్నీ గురించే మాట్లాడండి. బూడిద_లారీ గారి మొదటి వ్యాఖ్య బాగుంది, దాన్ని ఉంచాను.

కిల్న్_కాపలా · బుధవారం, సాయంత్రం 5:15

రెండు రోజులుగా ఇదే ఆలోచన. ఊక_బస్తా, ఒకటి అడుగుతాను. నీ బాయిలర్ 10 కిలోల ప్రెషర్ మీద నడుస్తుందన్నావు. ధాన్యం నానబెట్టే తొట్టికి 10 కిలోలు పనికిరావు. డ్రయ్యర్‌కూ అంత అక్కర్లేదు. మరి మధ్యలో ఏముంది?

ఊక_బస్తా · బుధవారం, సాయంత్రం 5:40

ప్రెషర్ తగ్గించే వాల్వు ఉంది. 10 నుంచి 3కు దించుతుంది. బుస్సుమని చప్పుడు. ఎందుకు?

కిల్న్_కాపలా · బుధవారం, సాయంత్రం 5:58

అదుగో, ఆ బుస్సుమనే చప్పుడులో ఉంది నీ 150 కిలోవాట్లు. చిమ్నీలో కాదు.

వాల్వు చేసే పని ఆవిరి గొంతు నులమడమే. పది కిలోలతో వచ్చిన ఆవిరికి ఉన్న బలమంతా అక్కడ ఊరికే చచ్చిపోతుంది. ఆ వాల్వు పక్కన చిన్న బ్యాక్ ప్రెషర్ టర్బైన్ పెడితే ఆవిరి దానిలోనుంచి పోతూ 3 కిలోలకు దిగుతుంది. దిగిన ఆవిరి నీ తొట్టికి, డ్రయ్యర్‌కు మామూలుగానే పోతుంది. కండెన్సర్ అక్కర్లేదు, కూలింగ్ టవరు అక్కర్లేదు, రైతు సోదరుని నీళ్లూ అక్కర్లేదు. నీ ధాన్యమే కండెన్సర్. భౌతికం సార్ లెక్క సరిచూడాలి.

ఉష్ణగతికం · బుధవారం, రాత్రి 7:30

చూశాను. చూసి కాస్త సిగ్గుపడ్డాను, ఇది నాకు తట్టాల్సింది.

10.5 కిలోల సంతృప్త ఆవిరి, అంటే మరిగాక ఇంకా వేడెక్కించని ఆవిరి, 3 కిలోలకు దిగితే కిలోకు ఆదర్శంగా 190 కిలోజౌళ్ల పని తీయవచ్చు. గంటకు 6 టన్నులూ దిగితే 320 కిలోవాట్లు. చిన్న టర్బైన్‌కు అందులో సగం దక్కినా 160. నాలుగు టన్నులే దిగితే 105. అయితే ఇది పూర్తిగా ఉచితం కాదు. టర్బైన్ తీసుకున్నంత వేడి ఆవిరిలో తగ్గుతుంది, దానికి సరిపడా కాస్త ఎక్కువ ఊక వేయాలి. ఇంకా, దిగిన ఆవిరిలో తేమ ఉంటుంది, బ్లేడ్లు అరుగుతాయి. పొడి ఆవిరి కావాలంటే దాన్ని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ కావాలి, అది మీ బాయిలర్‌లో లేదనుకుంటాను.

లెక్క_తేలాలి · బుధవారం, రాత్రి 9:02

రెండూ బాగున్నాయి గానీ ఇద్దరూ టర్బైన్ మోజులోనే ఉన్నారు. చిమ్నీలో దొరికే ఆ 360 కిలోవాట్ల వేడిని కరెంటు చేయడం ఎందుకు? బాయిలర్‌కు పోసే నీళ్లకు ఇవ్వండి. దాన్ని ఎకనమైజర్ అంటారు. గంటకు 6 టన్నుల నీళ్లు 50 డిగ్రీలు వేడెక్కుతాయి. నీటి వేడి 6 డిగ్రీలు పెరిగితే వందకు ఒక వంతు ఇంధనం మిగులుతుందన్నది మా వృత్తిలో వాడుక లెక్క. అంటే 8 వంతుల ఊక. గంటకు 140 కిలోలు. వేడిని వేడిగానే వాడుకుంటే పైసా పోదు, కరెంటుగా మారిస్తేనే పదిలో తొమ్మిది వంతులు పోతాయి.

అదీ తర్వాతి మాట. 230 డిగ్రీలు ఎందుకున్నాయని కిల్న్_కాపలా గారు మొదటి రోజే అడిగారు, మీరు జవాబివ్వలేదు. గొట్టాలు ఎప్పుడు తోమారు?

ఊక_బస్తా · బుధవారం, రాత్రి 9:15

తోముతాం మేడమ్. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందు.

లెక్క_తేలాలి · బుధవారం, రాత్రి 9:17

అంటే ఏడాదికి ఒకసారి.

ఊక_బస్తా · బుధవారం, రాత్రి 9:31

మీరు మా ఆవిడలాగే మాట్లాడుతున్నారు.

కిల్న్_కాపలా · బుధవారం, రాత్రి 9:50

ఊక బూడిదలో వందకు 85 పైనే సిలికా, అంటే ఇసుకే. ఒకవైపు గొట్టాన్ని అరగదీస్తుంది, మరోవైపు మసితో కలిసి పొరలా కూర్చుంటుంది. 3 మిల్లీమీటర్ల మసి పేరుకుంటే ఇంధనం వందకు రెండున్నర వంతులు ఎక్కువ కాలుతుంది. సుత్తులు పెట్టుకునే స్తోమత నీకు లేదు, వారానికొక రోజు బ్రష్షు పెట్టుకో. పొగ పెట్టె తలుపు అంచు కూడా చూడు. చేతిలో అగరుబత్తి వెలిగించి సందు వెంట తిప్పు, పొగ లోపలికి లాగితే గాలి చొరబడుతున్నట్టే. మా తలుపు సంగతి మొదట్లోనే రాశాను, చదివావో లేదో.

పాత_గోనె · గురువారం, ఉదయం 7:00

రెండు కోట్ల యంత్రం అగరుబత్తి పుల్ల దాకా వచ్చింది. ఈ వేదికను నేను ఊరికే చదవడం లేదు.

ఊక_బస్తా · మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:45

అందరికీ. మాట ఇవ్వకపోయినా వచ్చాను.

చిమ్నీకి కొత్త థర్మామీటర్ పెట్టించాను. 230 కాదు, 256. ఆ అబ్బాయి అది కూడా తక్కువే చెప్పాడు. మిల్లు రెండు రోజులు ఆపి గొట్టాలు తోమించాం. నాలుగు గోనెల మసి వచ్చింది, పనివాళ్లు మనుషుల్లా కనిపించలేదు. పొగ పెట్టె తలుపు దగ్గర అగరుబత్తి పొగ సర్రున లోపలికి పోయింది. మా అమ్మ చూసి బాయిలర్‌కు పూజ చేస్తున్నామనుకుని కొబ్బరికాయ పంపింది. తాడు మార్చాం. ఇప్పుడు పూర్తి లోడు మీద 208. ఊక ఎంత మిగిలిందో కచ్చితంగా తూచలేదు గానీ, పొయ్యి దగ్గర మనిషి పార వేసే లెక్క తగ్గిందని అతనే వచ్చి చెప్పాడు.

48 డిగ్రీలు తగ్గింది. మేడమ్, మీ లెక్కలో అది ఎంత?

లెక్క_తేలాలి · ఆదివారం, రాత్రి 9:10

పొగ 22 డిగ్రీలు తగ్గితే వందకు ఒక వంతు ఇంధనం మిగులుతుంది. రెండు వంతుల పైన. గంటకు 17 క్వింటాళ్ల మీద 37 కిలోలు. సందు మూసిన లాభం దీనికి అదనం. ఎకనమైజర్‌కు ఇప్పుడు కొలతలు తీసుకోండి, ముందు కాదు. పాత 256 చూసి కొని ఉంటే, తోమిన తర్వాత అది మీకు పెద్దదై కూర్చునేది.

కిల్న్_కాపలా · ఆదివారం, రాత్రి 9:25

శభాష్. మరి వాల్వు? ఆవిరి ఎన్ని టన్నులు దిగుతున్నదో, తర్వాత ప్రెషర్ ఎంతో చూశావా?

ఊక_బస్తా · ఆదివారం, రాత్రి 9:38

చూశాను అన్నా. వాల్వు తర్వాతి గేజీ ముల్లు 3 మీద ఉంది. బాయిలర్ ఆపినా 3 మీదే ఉంది. రెండేళ్లుగా అది అక్కడే ఉందని ఆపరేటర్ ఇప్పుడు చెబుతున్నాడు. కొత్తది రేపు హైదరాబాద్ నుంచి వస్తుంది.

తెల్ల బూట్ల అబ్బాయి నిన్న మళ్లీ ఫోను చేశాడు. మధ్యాహ్నం రమ్మన్నాను. గేజీ బిగించేటప్పుడు దీపం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.